వస్త్రంపై త్రీడీ డిజైన్: మొదటి పొరే కీలకం
జంషెడ్‌పూర్ అనగానే ఉక్కు గుర్తొస్తుంది. పక్కనే ఉన్న సరాయికేలా-ఖర్సావాన్ జిల్లా మాత్రం కుచాయి దసలి పట్టుకు పేరుపొందింది. నేసిన బట్ట మీద ప్లాస్టిక్‌తో ఉబ్బెత్తు డిజైన్ ముద్రించాలంటే ఏం చేయాలి?

ముందుగా డిజైన్ కావాలి. చుక్కల ముగ్గులో చుక్కల సంఖ్య మారిస్తే అదే పద్ధతిలో కొత్త ముగ్గు వస్తుంది. పారామెట్రిక్ డిజైన్ కూడా ఇలాంటిదే. కంప్యూటర్‌కు బొమ్మకు బదులు నియమం ఇస్తారు. గడి పరిమాణం, గీత మందం, మధ్య ఖాళీ వంటి విలువలు మారిస్తే డిజైన్ మొత్తం సర్దుకుంటుంది. వంగాల్సిన మోచేతి దగ్గర చిన్న గడులు, వీపు మీద పెద్దవి పెట్టుకోవచ్చు.

తర్వాత బట్టను త్రీడీ ప్రింటర్ పలకపై బిగిస్తారు. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిన పీఎల్ఏ ప్లాస్టిక్‌ను నాజిల్ పొరలుగా పేరుస్తుంది. మొదటి పొర దారాల సందుల్లోకి దిగి గట్టిపడాలి. నాజిల్ ఎత్తు ఎక్కువైతే ప్లాస్టిక్ పైపైనే అంటుకుని, ఉతికితే ఊడిపోతుంది. మరీ తగ్గితే బట్టను గీరుతుంది. అందుకే నున్నటి బట్ట కన్నా గరుకు నేత మేలు.

పీఎల్ఏ దాదాపు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది కాబట్టి ఇస్త్రీ పనికిరాదు. పైగా దారం, ప్లాస్టిక్ కలిసిపోతే రీసైక్లింగ్ కష్టం. గీత మందం తగ్గించి, తక్కువ ప్లాస్టిక్‌తో సరిపెట్టేందుకూ ఆ విలువలే తోడ్పడతాయి.