కొల్లేటి షికారుకు మీ సంచిలో...

ఒకప్పుడు కొల్లేటి షికారంటే తుపాకీతో పిట్టల వేట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో దానికి కళ్లెం పడింది. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. ఇప్పుడు షికారంటే గూడబాతుల్ని కళ్లారా చూసి రావడమే!

ఈ చలికాలం కలిదిండి నుంచి కైకలూరు మీదుగా ఆటపాక వెళ్తున్నారా? ఇంట్లో ఉన్నవే చాలు. పాత నేతచీర ముక్క ఎండకు తలగుడ్డ, తడికాళ్లకు తువ్వాలు. నాలుగు పిన్నీసులుంటే పడవలో గాలికి పైట ఎగరదు, తెగిన చెప్పూ ఇల్లు చేరుస్తుంది. బ్రెడ్డు కవర్లో పెడితే సెల్‌ఫోను తడవదు. పులిహోర స్టీలు డబ్బాలో సర్దండి. సాదా రంగు బట్టలైతే పక్షులు బెదరవు.

అన్నిటికన్నా ముఖ్యం ఓ ఖాళీ గుడ్డసంచి. చెత్తంతా అందులో వేసుకుని వెనక్కి తెచ్చేయండి. మనం పారేసిన కవరో, దారమో పక్షి కాలికి చుట్టుకుంటే, తుపాకీ లేకపోయినా అదీ వేటే కదండీ!