లాజరు వాకిట్లో ఉన్నంతకాలం

"అయివారూ, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోవద్దు. మీ లెక్కన మేమంతా నరకానికేనా?"

తిరుపతిలో బడిపంతులుగా పనిచేసిన క్రైస్తవుడికి ఈ ప్రశ్న తప్పదు. కొండకు నడిచివెళ్లే స్నేహితులతోనే నా టీ, నా కబుర్లు అన్నీ. నవ్వుతూ అడిగినవాళ్లున్నారు, మనసు కష్టపెట్టుకుని అడిగినవాళ్లూ ఉన్నారు. ఔననో కాదనో ఒక్క ముక్క చెప్పి తప్పించుకోవచ్చు. కానీ మా మతానికి నరకంతో పనేమిటో చెప్పకుండా ఆ ముక్క చెప్తే సగం మాటే అవుతుంది.

నరకం తెలుగువాళ్లకు కొత్త కాదు. చావు జరిగిన ఇంట్లో గరుడపురాణం చదివించేవాళ్లకు యముడి కొలువూ తెలుసు, చిత్రగుప్తుడి చిట్టా కూడా తెలుసు. అయితే అక్కడి శిక్షకు గడువుంది. పాపఫలం తీరాక జీవుడు మళ్లీ పుడతాడు. క్రైస్తవంలో మనిషికి బతుకు ఒకటే, తీర్పూ ఒకటే. ఇవాళ చేసింది సరిదిద్దుకోవడానికి వచ్చే జన్మంటూ లేదు. అందుకే మాకు నరకమంటే అంత బరువు.

మా నాయన పుత్తూరు పక్క పల్లెల్లో లూథరన్ ఉపదేశి. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన మిషనరీలు 1865లో ఈ ప్రాంతంలో పని మొదలుపెట్టారు. వాళ్లు నాటిన సంఘాలే నేటి సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె వైపు మాత్రం ఆర్కాటు మిషన్‌ది. స్కడ్డర్ కుటుంబం 1853లో స్థాపించిన ఆ మిషన్ అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చిది. మదనపల్లెలో 1863 నుంచి పనిచేసిన జేకబ్ ఛాంబర్లేన్ ఆ మిషన్ మనిషే.

రెండు వైపులా ఆరాధనలో చదివే విశ్వాస ప్రమాణంలో, క్రీస్తు చనిపోయాక మృతుల లోకానికి దిగాడన్న మాట ఉంది. లూథరన్లు దాన్ని జైత్రయాత్ర అంటారు: క్రీస్తు నరకంలోకి వెళ్లి దాని బలం విరిచాడు. రిఫార్మ్‌డ్ వాళ్ల 1563 నాటి హైడల్‌బర్గ్ ప్రశ్నోత్తరి ఇంకోలా చెబుతుంది: సిలువ మీద ఆయన పడిన వేదనే నరకం, ఆ వేదన నా కోసమే. తిరుపతిలో బస్సెక్కి భాకరాపేట కనుమ దాటేసరికి వివరణే మారిపోయింది! అయినా రెండిటి సారం ఒకటే. నరకం నిజం, దానికంటే క్రీస్తు బలవంతుడు. ఎముక విరగలేదనేవాడు పుత్తూరు కట్టు కోసం రాడు. ఏ ప్రమాదమూ లేదనుకుంటే 'రక్షణ' అనే మాటకు, సిలువకు అర్థం మిగలదు.

పండితుల వాదం అంతే. మా నాయన పల్లెల్లో వాదం చెప్పేవాడు కాదు, లూకా సువార్త 16వ అధ్యాయంలోని కథ చెప్పేవాడు. ఊదారంగు బట్టలు కట్టి రోజూ విందులు చేసుకునే ధనవంతుడు ఒకడు. అతని వాకిట్లో ఒళ్లంతా పుళ్లతో పడివున్న లాజరు. ఇద్దరూ చనిపోతారు. లాజరు అబ్రాహాము దగ్గర సేదదీరతాడు, ధనవంతుడు మంటల్లో నీటిచుక్క కోసం అలమటిస్తాడు. ఆ ధనవంతుడు లాజరును కొట్టాడనిగానీ తరిమేశాడనిగానీ కథలో లేదు. చూసీ చూడనట్టు పోయాడు, అంతే. బైబిల్లో నరకం గురించి ఎక్కువగా మాట్లాడింది యేసే. మత్తయి 25లోనూ తీర్పు రోజున ఆయన అడిగేది ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా అనే.

ఈ కథ విన్నది ఎవరో చూడండి. 1876-78 కరువులో ఈ సీమ అల్లాడిపోయింది. ఆ రోజుల్లో మిషనరీల సంఘాల్లోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఊరి బావిలో నీళ్లు చేదుకోనివ్వని మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. వాళ్లకు నరకం భయపెట్టే కథ మాత్రమే కాదు. తమను చూడకుండా పోయినవాడిని దేవుడు లెక్క అడుగుతాడన్న భరోసా. పైగా కథలో ధనవంతుడికి పేరు లేదు, పేరున్నది లాజరుకే.

అయితే నరకం ఎంతకాలం, ఎవరికి అన్నదాని మీద క్రైస్తవులందరిదీ ఒక మాట కాదు. 1530 నాటి లూథరన్ ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 17వ అంశం ఆ శిక్షకు అంతం లేదంటుంది. సెవెంత్‌డే అడ్వెంటిస్టులు దుష్టులు చివరికి నశించిపోతారే తప్ప ఎల్లకాలం కాలరని నమ్ముతారు. నరకం ఒక చోటు అనడం కంటే, దేవుణ్ణి కావాలని కాదనుకున్నవాడి స్థితి అనడం సరైనదని పోప్ రెండవ జాన్ పాల్ 1999లో చెప్పారు. ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని కతోలిక సభ ఎన్నడూ ప్రకటించలేదు. పైగా తమ తప్పేమీ లేకుండా సువార్త ఎరుగనివాళ్లూ, మనస్సాక్షి ప్రకారం దేవుణ్ణి వెదికితే రక్షణ పొందగలరని రెండవ వాటికన్ మహాసభ 1964లో రాసింది.

"మరి మా తాతముత్తాతల గతేంటి?" అన్న ప్రశ్న మిషనరీలనూ నిద్రపోనివ్వలేదు. అహ్మద్‌నగర్‌లో పనిచేసిన రాబర్ట్ హ్యూమ్, సువార్త వినకుండా చనిపోయినవాళ్లకు చావు తర్వాతైనా అవకాశం దొరుకుతుందేమోనన్న ఆలోచన వైపు 1886లో అమెరికాలో మాట్లాడాడు. దాంతో పెద్ద గొడవైంది. ఆయన్ను మళ్లీ ఇండియాకు పంపడానికి మిషన్ బోర్డు వెంటనే ఒప్పుకోలేదు.

నా స్నేహితులకు నేను చెప్పే జవాబు ఇదే: తీర్పు కుర్చీ నాది కాదు. నా పుస్తకం నాకు నరకం చూపించింది మీ అడ్రసు రాయడానికి కాదు, నా వాకిలి చూసుకోమని.

ఈ మాట మావాళ్లకు చెప్పడమే కష్టం. ఉజ్జీవ సభల్లో మైకు పట్టుకుని పక్క వీధివాళ్లను అగ్నిగుండంలో వేసే ప్రసంగాలు నేనూ విన్నాను. చంటిపిల్లలు దడుచుకుని అమ్మ కొంగు పట్టుకునేవాళ్లు. ఆ ప్రసంగాల్లో ధనవంతుడు ఎప్పుడూ బయటివాడే. మాల సంఘం, మాదిగ సంఘం అంటూ విడిగా నడిచే చోట్లు మాలోనే ఉన్నాయి. పిల్ల పెళ్లి దగ్గర కులం అడిగే విశ్వాసులూ ఉన్నారు. లూకా 16ను వీధి వైపు తిప్పిన మైకులో కాదు, ముందు బెంచీలో కూర్చున్న పెద్దల ఎదుట చదవాలి. నరకం మీద నమ్మకం అక్కడ పనిచేయకపోతే ఇంకెక్కడా పనిచేయదు.