అండమాన్ యాత్ర: అపోహలు, వాస్తవాలు

అండమాన్ దీవులకు వెళ్లాలంటే పాస్‌పోర్టు కావాలన్న మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఈ దీవులు భారతదేశపు కేంద్రపాలిత ప్రాంతం. భారత పౌరులకు పాస్‌పోర్టు, వీసా ఏవీ అక్కర్లేదు. ఆధార్ వంటి ఫొటో గుర్తింపు కార్డు చాలు. అలాగని దీవులన్నీ చుట్టి రావచ్చనుకోవడమూ పొరపాటే. నికోబార్ దీవులు పర్యాటకులకు తెరిచి లేవు. పేర్ల విషయంలో మాత్రం కొంత తికమక ఉంటుంది. 2018లో హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్‌గా, నీల్‌ను షహీద్ ద్వీప్‌గా మార్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. పాత పేర్లు జనం నోట ఇంకా ఉన్నాయి కాబట్టి రెండూ తెలిసి ఉండడం మంచిది.

భాష తెలియక ఇబ్బంది పడతామన్న భయం తెలుగువారికి అస్సలు అక్కర్లేదు. అక్కడ అందరినీ కలిపే భాష హిందీ. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఇందులో చాలా ఉన్నాయి.

వేసవి సెలవుల్లో ఎప్పుడు వెళ్లినా ఒకటేనన్నది ఖర్చుతో కూడిన అపోహ. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందు అండమాన్‌ను తాకుతాయి, సాధారణంగా మే మూడో వారానికల్లా. మే చివర్లో వెళ్లే కుటుంబాలకు ఎదురయ్యేది నీలి సముద్రం కాదు, జడివాన. ఏడాదికి అక్కడ దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల బెడద ఉంటుంది, అది డిసెంబరుకూ సాగవచ్చు. నిలకడగా పొడిగా ఉండేవి జనవరి నుంచి ఏప్రిల్ వరకున్న నెలలే.

సాయంత్రం తాపీగా చూద్దాంలే అనుకునేవారిని అక్కడి సూర్యుడు నిరాశపరుస్తాడు. గడియారంలో భారత ప్రామాణిక సమయమే ఉన్నా, ఆ సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలకు పైగా తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున చూస్తే అక్కడ పొద్దు నలభై నిమిషాలు ముందు నడుస్తుంది. హైదరాబాద్‌తో పోలిస్తే తేడా గంటకు దగ్గర. డిసెంబరులో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే సూర్యాస్తమయం అయిపోతుంది. అందుకే ఉదయం 6 గంటలకే బయలుదేరాలి.

మూడు రోజుల్లో అన్నీ చూసి రావచ్చని వేసే ప్రణాళికలు పడవల దగ్గర తలకిందులవుతాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు వేగంగా వెళ్లే ప్రైవేటు పడవలోనూ గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఆ పడవలు రద్దవుతాయి. తిరుగు విమానానికి ముందురోజు రాత్రే పోర్ట్ బ్లెయిర్ చేరుకోకపోతే విమానం తప్పిపోయే ప్రమాదం ఉంది. కడుపులో తిప్పడం మొదలయ్యాక మాత్ర వేసుకోవచ్చన్నది మరో అపోహ. వాంతుల మాత్ర పడవ ఎక్కడానికి ముందే వేసుకోవాలి, మొదలయ్యాక అది పెద్దగా పనిచేయదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ నీటిని గురించినది. అద్దంలా కనిపించే సముద్రం సురక్షితమని చాలామంది నమ్ముతారు. అలలు విరుగుతున్న తీరంలో మధ్యన ప్రశాంతంగా కనిపించే పాయ తరచుగా నీరు వెనక్కి లాగే ప్రవాహమే అయి ఉంటుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో ప్రాణాలు తీసేదీ ఇలాంటి ప్రవాహాలే. దానికి ఎదురీదేవాళ్లు అలసి మునిగిపోతారు. చేయవలసింది తీరానికి సమాంతరంగా, పక్కకు ఈది లాగుడు తప్పించుకోవడం, ఆ తర్వాత ఒడ్డుకు రావడం. ఈత చేతకాకపోతే తేలుతూ చెయ్యెత్తి సాయం కోరాలి. ఆటుపోట్లూ గమనించుకోవాలి. నీల్‌లోని కొన్ని తీరాల్లో ఆటు సమయంలో నీరు బాగా వెనక్కి పోయి రాళ్లు తేలతాయి, అప్పుడు స్నానానికి వీలుండదు.

మొసళ్లు మంచినీటిలోనే ఉంటాయన్నదీ అబద్ధమే. ఉప్పునీటి మొసలి మడ అడవుల్లో, కాలువల్లో ఉంటుంది, సముద్రాన్నీ ఈది దాటుతుంది. 2010లో హావ్‌లాక్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. హెచ్చరిక బోర్డు ఉన్న చోట, కాలువ సముద్రంలో కలిసే చోట, చీకటి పడ్డాక నీటిలోకి దిగకూడదు.

స్కూబా డైవింగ్‌కు ఈత వచ్చి ఉండాలన్నది నిజం కాదు. శిక్షకుడు పక్కనే పట్టుకుని చేయించే తొలి డైవ్‌కు ఈత రానివారినీ తీసుకెళ్తారు. ఆరోగ్యం మాత్రం దాచకూడదు. ఉబ్బసం, గుండెజబ్బు, జలుబు ఉన్నవారు ముందే చెప్పాలి. నీటి కింద ఊపిరి బిగబట్టడం ప్రమాదకరం, ఎందుకంటే పైకి వస్తున్నకొద్దీ ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది. డైవ్ చేసిన రోజే విమానం ఎక్కవచ్చనుకోవడం ఇంకా పెద్ద తప్పు. ఒత్తిడిలో రక్తంలో, కణజాలంలో కరిగిన నైట్రోజన్ వెళ్లిపోవడానికి సమయం కావాలి. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించితే కనీసం 18 గంటలు ఆగాలన్నది ప్రామాణిక సూచన. కనుక డైవింగ్‌ను యాత్ర చివరి రోజుకు పెట్టుకోకూడదు.

జెల్లీఫిష్ కుడితే మూత్రం పోయాలన్న చిట్కాకు ఆధారం లేదు. ఇసుకతో రుద్దినా, మంచినీళ్లు పోసినా చర్మానికి అంటుకున్న విషకణాలు ఇంకా పగులుతాయి. బాక్స్ జెల్లీఫిష్ కుడితే వినెగర్ పోయాలి. ఊపిరి ఆడకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నల్లని ఒంటికి ఎండ ఏమీ చేయదనుకుని వీపు పైకి పెట్టి గంటసేపు స్నార్కెలింగ్ చేసేవారికి ఆ రాత్రి పడుకోవడమే కష్టం. నిండు చేతుల ఈత చొక్కా దీనికి మంచి మందు. ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ పగడాలకు హాని చేస్తుందని పలావ్ దేశం, హవాయి దాన్ని నిషేధించాయి కూడా. పగడం రాయి కాదు, ప్రాణుల సమూహం. దాని మీద నిలబడితే అది చస్తుంది. చచ్చిన పగడపు ముక్కను సంచిలో వేసుకోవడమూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే.

బరాటాంగ్ దీవికి వెళ్లే దారిలో జారవా తెగవారిని చూపిస్తామనే మాట ఎవరు చెప్పినా నమ్మకూడదు. ఆ రోడ్డు వారికి కేటాయించిన రిజర్వు అడవి గుండా వెళ్తుంది. వాహనాలు బృందాలుగా, ఎక్కడా ఆగకుండా సాగాలి. ఫొటోలు తీయడం, తినుబండారాలు ఇవ్వడం చట్టరీత్యా నేరాలు. బయటివారి జబ్బులను తట్టుకునే శక్తి ఆ శరీరాలకు తక్కువ. ఒక బిస్కెట్ పొట్లం వెంట వెళ్లే జబ్బు ఒక తెగనే బలితీసుకోగలదు.

2004 డిసెంబరు 26 తర్వాత సునామీ భయం చాలామందిలో ఉంది, దాని గురించిన అపోహలూ ఉన్నాయి. సముద్రం వెనక్కి వెళ్లాకే సునామీ వస్తుందనుకోవడం సరికాదు, కొన్నిసార్లు ముందు నీరే లేస్తుంది. వచ్చేది ఒకే అల కూడా కాదు, మొదటిదాని కంటే తర్వాతివి పెద్దవి కావచ్చు. 2007 నుంచి హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) సునామీ హెచ్చరికలు జారీ చేస్తోంది. అయితే దీవుల దగ్గరే భూకంపం వస్తే అల నిమిషాల్లో చేరవచ్చు. బలమైన లేదా చాలాసేపు సాగిన భూకంపం వస్తే హెచ్చరిక కోసం చూడకుండా ఎత్తైన చోటికి వెళ్లాలి, అధికారులు చెప్పేదాకా దిగకూడదు.