హోమ్ థియేటర్‌లో ఆగని రొద: కేబుల్ తీగలో దాగిన వలయం

సినిమాలో నిశ్శబ్ద సన్నివేశం. తెర మీద ఎవరూ మాట్లాడటం లేదు. అయినా సబ్‌వూఫర్‌లోంచి తుమ్మెద ఝుంకారంలా మంద్రమైన రొద వినిపిస్తూనే ఉంటుంది. వాల్యూమ్ తగ్గించినా తగ్గదు. జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్‌లో అలాంటి ఇంటిని ఒకదాన్ని ఊహించుకుందాం. ముందుగదిలో టీవీ, సెట్‌టాప్ బాక్స్, యాంప్లిఫయర్, సబ్‌వూఫర్ ఉన్నాయి. వీధి స్తంభం మీదుగా టీవీ కేబుల్ ఇంట్లోకి వస్తోంది. స్పీకర్ పాడైందనుకుని కొత్తది కొన్నా రొద పోలేదు. ఎందుకంటే లోపం ఏ ఒక్క పరికరంలోనూ లేదు, వాటిని కలిపిన తీరులో ఉంది.

రొద ఎక్కడి నుంచి వస్తుంది?

మన దేశంలో ఇళ్లకు అందే విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అంటే అది సెకనుకు 50 ఆవృత్తాలు పూర్తి చేస్తుంది. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. కాబట్టి ఈ 50 హెర్ట్జ్, దాని రెట్టింపైన 100 హెర్ట్జ్ శబ్ద మార్గంలోకి చొరబడితే చెవికి అందుతాయి. పైగా మంద్ర స్వరాలను పెద్దవి చేయడమే సబ్‌వూఫర్ పని.

సబ్‌వూఫర్ మూడు పిన్నుల ప్లగ్ ద్వారా ఇంటి ఎర్త్‌కు కలిసి ఉంటుంది. టీవీ కేబుల్ పైతొడుగులోని లోహపు అల్లిక వీధిలో వేరే చోట ఎర్త్ అవుతుంది. ఈ రెండు ఎర్త్‌లు సరిగ్గా ఒకే వోల్టేజి వద్ద ఉండవు. ఒకే మట్టంలో ఉన్నాయనుకున్న రెండు చెరువులను కాలువతో కలిపితే, జానెడు తేడా ఉన్నా నీరు పారుతుంది. ఇక్కడ ఆ కాలువ కేబుల్ అల్లిక, సెట్‌టాప్ బాక్స్, ఆడియో తీగల పైతొడుగులే. ఈ మూసిన దారినే గ్రౌండ్ లూప్ అంటారు.

దాని ప్రభావం చిన్న లెక్కతో తెలుస్తుంది. ఆడియో తీగ పైతొడుగు నిరోధం 0.1 ఓమ్, దానిలో పారే ప్రవాహం 10 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే, అక్కడ 1 మిల్లీవోల్టు పుడుతుంది. ఆడియో సంకేతం దాదాపు 300 మిల్లీవోల్టులు. మూడు వందలో వంతే అయినా, నిశ్శబ్ద సన్నివేశంలో అది స్పష్టంగా వినిపిస్తుంది.

దొంగను పట్టుకునే పద్ధతి

వాల్యూమ్ బాగా తగ్గించి, సెట్‌టాప్ బాక్స్ వెనుక నుంచి టీవీ కేబుల్‌ను విప్పాలి. రొద ఆగిపోతే వలయం కేబుల్ గుండా వెళుతోందన్నమాట. ఆగకపోతే పరికరాలను ఆపి, ఆడియో తీగలను ఒక్కొక్కటిగా తీసి చూడాలి. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినప్పుడల్లా స్వరం మారే గరగర అయితే అది వేరే రకం రొద. దానికి మందు కూడా వేరే.

పరిష్కారాలు

పరికరాలన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలపడం మొదటి అడుగు. వాటి మధ్య ఎర్త్ తేడా దాదాపు పోతుంది. కానీ కేబుల్ ఎర్త్ వీధిలో ఉంది కాబట్టి ఇదొక్కటే చాలకపోవచ్చు.

అప్పుడు గాల్వానిక్ ఐసొలేటర్ ఉపయోగపడుతుంది. కేబుల్ మధ్యలో బిగించే ఈ చిన్న పరికరంలో కెపాసిటర్లు ఉంటాయి. 1 నానోఫారడ్ కెపాసిటర్ 50 హెర్ట్జ్‌కు సుమారు 32 లక్షల ఓమ్‌ల అడ్డుగోడ. అదే 500 మెగాహెర్ట్జ్ టీవీ సంకేతానికి అది ఓమ్‌లో మూడో వంతు కూడా కాదు. టీవీ బొమ్మకు దారి ఇచ్చి, రొదను గుమ్మం దగ్గరే ఆపుతుందన్నమాట. అయితే డిష్ యాంటెన్నా కేబుల్‌కు ఇది పనికిరాకపోవచ్చు. ఆ తీగలోనే యాంటెన్నాకు డీసీ విద్యుత్తు వెళుతుంది, మామూలు ఐసొలేటర్ దాన్ని కూడా ఆపేస్తుంది.

ఆడియో తీగలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం మరో మార్గం. రెండు తీగచుట్టల మధ్య సంకేతం అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది, లోహపు బంధం ఉండదు. నాసిరకం ట్రాన్స్‌ఫార్మర్ అయితే మంద్ర స్వరాలు పలచబడతాయి. టీవీకి, యాంప్లిఫయర్‌కు ఆప్టికల్ సాకెట్ ఉంటే ఇంకా మేలు. ఆ తీగలో నడిచేది కాంతి, విద్యుత్తు కాదు. ఆ దారిన వలయం ఏర్పడదు.

చేయకూడని పని

ప్లగ్‌లోని ఎర్త్ పిన్ విరిచేస్తే రొద ఆగుతుందని కొందరు సలహా ఇస్తారు. ఆగుతుంది కూడా. అందుకే ఆ సలహా ప్రమాదకరం. లోపలి ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున సబ్‌వూఫర్ లోహపు పెట్టె మీదికి 230 వోల్టులు వస్తాయి. ఎర్త్ ఉంటే ఫ్యూజ్ లేదా బ్రేకర్ తెగిపోతుంది. లేకపోతే, దాన్ని తాకిన మనిషే ఎర్త్‌కు దారి అవుతాడు. పిడుగుల కాలంలో కేబుల్‌కు కూడా ఎర్త్ అవసరమే. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట దాని ఎర్త్ అలాగే ఉంచి, ఐసొలేటర్‌ను దాని తర్వాత బిగించాలి.

తెంచాల్సింది సంకేతం దారిలోని వలయాన్ని, ప్రాణం కాపాడే ఎర్త్‌ను కాదు. కేబుల్ విప్పితే రొద ఆగే ఇంట్లో చాలాసార్లు ఒక చిన్న ఐసొలేటర్ సరిపోతుంది, కొత్త స్పీకర్ కొనక్కర్లేదు. ఇంటి ఎర్త్ మీదే అనుమానం ఉంటే మాత్రం ముందుగా అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి.