సీమ స్వభావం అనేది ఒకటి ఉందా?

ప్రొద్దుటూరు అనగానే బంగారం అంగళ్లు, జమ్మలమడుగు అనగానే గండికోట గుర్తొస్తాయి. పులివెందుల పేరెత్తితే మాత్రం బయటి జిల్లాల వాళ్లకు అక్కడి చీనీతోటలకంటే ముందు బాంబులు మెదులుతాయి. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఇంద్ర’ (2002) వంటి సినిమాలు ఈ ముద్రను ఇంకాస్త గట్టిపరిచాయి. రాయలసీమ మనిషికి ఆవేశమెక్కువ, పట్టిన పగ వదలడు అని చదువుకున్నవాళ్లూ తేలిగ్గా అనేస్తారు. దీన్ని సినిమా పిచ్చి అని తోసిపుచ్చితే సరిపోదు. ఒక ప్రాంతపు మనుషులందరికీ ఒకే తరహా స్వభావం ఉంటుందనేది మనస్తత్వ శాస్త్రం పరీక్షించగల ప్రతిపాదన. దొరికిన ఆధారాలు చూస్తే అది నిలబడదనే నాకు అనిపిస్తుంది.

స్వభావాన్ని వర్గీకరించే ప్రయత్నం పాతదే. మనకు త్రిగుణాలున్నాయి, గ్రీకులకు నాలుగు దేహరసాలున్నాయి. ఫ్రాయిడ్ మూలాలను బాల్యంలో, అచేతనంలో వెతికాడు కానీ ఆయన చెప్పినవాటిలో కొలతకు అందేవి తక్కువ. కొలత దారి వేరే చోట తెరుచుకుంది. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ ఇంగ్లిష్ నిఘంటువు నుంచి మనుషులను వర్ణించే పదాలు దాదాపు 18 వేలు ఏరారు. తర్వాతి పరిశోధకులు వాటిని వడపోసి చివరికి ఐదు లక్షణాలకు కుదించారు: బహిర్ముఖత, సౌమ్యత, బాధ్యత, ఉద్వేగ చాంచల్యం, కొత్తదనం మీద ఆసక్తి. వీటిని కొలిచేందుకు కోస్టా, మెక్రే రూపొందించిన ప్రశ్నావళి తెలుగులోకీ వచ్చింది. 2005లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన మన ప్రశ్నకు సూటిగా తగులుతుంది. 49 సంస్కృతుల్లో దాదాపు 4 వేల మందిని ‘మీ దేశపు సగటు మనిషి ఎలాంటివాడు?’ అని అడిగి, ఆ జవాబులను అక్కడి వ్యక్తుల అసలు కొలతలతో పోల్చారు. రెంటికీ పొంతన దాదాపు కనిపించలేదు. తమ జనం గురించి తామే చెప్పిన మాటలే ఇంత తప్పితే, పొరుగువాళ్లు వేసే ముద్రను ఏ ధైర్యంతో నమ్ముతాం?

దీనికి బలమైన అభ్యంతరమే ఉంది. ప్రశ్నావళి నింపేటప్పుడు మనిషి తనను చుట్టుపక్కల వాళ్లతోనే పోల్చుకుంటాడు. ఊరంతా కోపిష్టులైతే ఒక మోస్తరు కోపిష్టి తాను నెమ్మదస్తుణ్ననే రాస్తాడు. నిజమే. అందుకే రాసిన జవాబులను పక్కనపెట్టి నడవడికను చూడాలి. వాల్టర్ మిషెల్ 1968లో రాసిన పుస్తకం కలకలం రేపింది ఇక్కడే: ఒక సందర్భంలో మనిషి ప్రవర్తన చూసి మరో సందర్భంలో ఎలా ఉంటాడో చెప్పడం చాలా కష్టమని చూపించాడు. అలాగని స్వభావమే భ్రమ అనడం కూడా తొందరపాటే. చాలా రోజుల ప్రవర్తనను కలిపి చూస్తే నిలకడ బయటపడుతుందని ఎప్‌స్టీన్ 1979లో రుజువు చేశాడు. అసలు చిక్కుముడి విప్పింది మిషెల్, షోడా, రైట్ కలిసి 1994లో ప్రచురించిన పరిశోధన. అమెరికాలో ఒక వేసవి శిబిరంలో పిల్లలను ఒక్కొక్కరినీ సగటున 167 గంటలు గమనించారు. మొత్తంగా చూస్తే ఇద్దరు పిల్లల దూకుడు సమానమే. కానీ ఒకడు తోటివాళ్లు ఏడిపిస్తే చెలరేగుతాడు, ఇంకొకడు పెద్దవాళ్లు గద్దిస్తేనే. నిలకడగా ఉన్నది ‘ఇలా జరిగితే అలా చేస్తాడు’ అన్న సంబంధం. ‘దూకుడు మనిషి’ అన్న ఒక్క మాటలో అది ఇమడదు.

మరి సీమ ముఠాకక్షల్లో జరిగిన ఫ్యాక్షన్ హత్యలు అబద్ధమా? కాదు, ఎన్నో కుటుంబాలు కూలిపోయాయి. అయితే వాటి వెనక చరిత్ర ఉంది. 1800లో నిజాం సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించేనాటికి ఇక్కడ పాళెగాళ్లు సొంత బలగాలతో ఏలుతున్నారు. కలెక్టరుగా వచ్చిన మన్రో వాళ్లను అణచడానికే చాలా శ్రమపడ్డాడు. హక్కుల ఉద్యమకారుడు కె. బాలగోపాల్ ఫ్యాక్షన్‌ను ఊరి మీద పెత్తనం కోసం జరిగే పోరుగా విశ్లేషించారు. చట్టం అందనిచోట, వాన నమ్మకం లేని నేలమీద, ‘వీడి జోలికి పోకూడదు’ అన్న పేరే మనిషికి రక్షణ అవుతుంది. అమెరికా దక్షిణాది మీద నిస్బెట్, కోహెన్ చేసిన పరిశీలన (1996) ఇలాంటిదే. అక్కడ తగాదాల్లో జరిగే హత్యలు ఎక్కువ, దోపిడీ హత్యల్లో ఆ తేడా లేదు. ప్రయోగంలో అవమానించినప్పుడే దక్షిణాది విద్యార్థుల రక్తం ఉడికింది; అవమానం జరగనప్పుడు వాళ్లు ఉత్తరాది వాళ్లకంటే దురుసుగా ఏమీ లేరు. పౌరుషం ఒక సందర్భానికి నేర్చుకున్న జవాబు.

‘రక్తంలోనే ఉంది’ అనేవాళ్లు కవలల మీద జరిగిన పరిశోధనలను చూపుతారు. వ్యక్తుల మధ్య తేడాల్లో సుమారు 40 నుంచి 50 శాతానికి జన్యువులు కారణమని అవి తేల్చిన మాట వాస్తవం. అయితే అవి లెక్కించింది వ్యక్తికీ వ్యక్తికీ ఉన్న తేడాను, ఊరికీ ఊరికీ ఉన్న తేడాను కాదు. ఒకే మూటలోని శెనగవిత్తనాన్ని బోరు కింద చేనులోనూ వానను నమ్ముకున్న మెట్టలోనూ చల్లితే, ప్రతి చేనులో మొక్కకూ మొక్కకూ తేడా విత్తనానిదే కావొచ్చు. రెండు చేల దిగుబడి తేడా మాత్రం నీటిదే.

ఈ ముద్రవల్ల జరిగే నష్టాన్ని కూడా కొలిచారు. 1978లో స్నైడర్, స్వాన్ ఒక పోటీ పెట్టి, ఎదుటివాడు కయ్యానికి కాలుదువ్వే రకమని కొందరికి ముందే చెప్పారు. అలా నమ్మినవాళ్లు దురుసుగా ఆడారు. ఆ దురుసుకు ఎదుటివాళ్లూ దురుసుగానే బదులిచ్చారు. వాళ్లలో కొందరికి ‘నీ తీరుకు కారణం నీ స్వభావమే’ అని నమ్మించగా, ముద్ర సంగతే తెలియని మూడో మనిషితో కూడా అలాగే ప్రవర్తించారు. హైదరాబాదులో అద్దెగది కోసం వెళ్లిన కుర్రవాడు పులివెందుల నుంచి వచ్చానని చెప్పగానే ఇంటాయన మొహం మారితే, అక్కడ మొదలయ్యేది సరిగ్గా ఈ ప్రయోగమే.