కాల్పుల జ్ఞాపకంలోంచి పుట్టిన ఆసుపత్రి

భిలాయ్‌లోని సుపేలా నుంచి పవర్‌హౌస్ రైల్వే స్టేషన్ ఎంతో దూరం కాదు. 1992 జులై 1న అక్కడ పట్టాలపై బైఠాయించిన కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 10 మందికి పైగా చనిపోయారు. ఏటా అదే రోజున సహచరులు అక్కడికి వచ్చి నివాళి అర్పిస్తారు. వారి నాయకుడు శంకర్ గుహా నియోగి అంతకు తొమ్మిది నెలల ముందే, 1991 సెప్టెంబరు 28న, భిలాయ్‌లో హత్యకు గురయ్యారు.

జ్ఞాపకం ఒక్క మనిషి బుర్రలోనే ఉండదు, దాన్ని నిలబెట్టేది సమూహమేనని ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మోరిస్ హాల్బ్‌వాక్స్ 1925లోనే వివరించారు. దీనికి భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజ్‌హరా కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. 1977లో అక్కడి కాంట్రాక్టు గని కార్మికులు అడిగినవాటిలో ఒకటి, వానలకు ముందు గుడిసె బాగు చేసుకోవడానికి 100 రూపాయలు. జూన్ 2, 3 తేదీల్లో జరిగిన కాల్పుల్లో 11 మంది మరణించారు.

ఆ తర్వాత కార్మిక సంఘం ఉపాధ్యక్షురాలు కుసుంబాయి సరైన వైద్యం అందక కాన్పులో చనిపోయారు. విగ్రహం పెట్టి ఊరుకోవచ్చు. కార్మికులు ఆసుపత్రి కట్టాలనుకున్నారు. చందాలు వేసుకుని, పని దిగాక శ్రమదానం చేసి, 1983 జూన్ 3న 15 పడకలతో శహీద్ ఆసుపత్రిని ప్రారంభించారు. గని కార్మికులే శిక్షణ పొంది ఆరోగ్య కార్యకర్తలయ్యారు.

అక్కడి ప్రచారంలో అతిసారం ముఖ్యాంశం. విరేచనాలు అవుతున్నా చిన్నపేగు గోడలోని ఒక ప్రొటీన్ గ్లూకోజును, సోడియంను కలిపి లోపలికి లాగుతూనే ఉంటుంది. వాటి వెంట నీరూ వెళ్తుంది. ఉప్పు ఒక్కటే కలిపితే ఈ దారి పనిచేయదు, చక్కెర కూడా ఉండాలి. శుభ్రమైన లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాకు తలగొట్టి వేస్తే చాలు. ఈ పద్ధతి సత్తా లోకానికి తెలిసిందీ ఒక యుద్ధంలోనే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బన్‌గావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ దీన్ని వాడగా, కలరా మరణాలు సుమారు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు తగ్గాయి.

శహీద్ ఆసుపత్రి ఇప్పుడు వంద పడకలు దాటింది. దాని వార్షికోత్సవం, అమరుల సంస్మరణ ఒకే రోజు, జూన్ 3.