వాడల లెక్క లేని ప్రగతి నివేదిక

ఆర్థిక సంవత్సరం ముగియగానే నగరపాలక సంస్థ మొదలుకొని గ్రామ పంచాయతీ దాకా స్థానిక సంస్థలు తమ ఏడాది ప్రగతిని ప్రజల ముందు ఉంచుతాయి. ఎన్ని మీటర్ల సిమెంటు రోడ్డు వేశారు, ఎంత పొడవున మురుగు కాలువలు కట్టారు, ఎన్ని ఇళ్లకు కుళాయిలు బిగించారు, ఎన్ని వీధి దీపాలు మార్చారు అన్న అంకెలు అందులో ఉంటాయి. పని పేరు, అంచనా విలువ, ఖర్చయిన మొత్తం వరుసగా కనిపిస్తాయి. ఆ రోడ్డు ఎవరి వీధిలో పడింది, ఆ కాలువ ఎవరి గుమ్మం ముందు ఆగిపోయింది అని చెప్పే గడి మాత్రం కనిపించదు. ఊరంతటినీ ఒకే ముద్దగా చూపే ఈ లెక్కను పాలకులు తటస్థమైనదిగా భావిస్తారు. కులాన్ని బట్టి వీధులు విడిపోయిన సమాజంలో వీధి పేరు చెప్పని లెక్క తటస్థం కాజాలదు.

విజయనగరం జిల్లా గరివిడినే తీసుకుందాం. ఈ ప్రాంతపు మాంగనీసు చరిత్ర 1892లో కోడూరు గనులతో మొదలైంది. దేశంలో మాంగనీసు తవ్వకాలకు అదే ఆరంభం. 1950ల్లో ఇక్కడ ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వెలసి, దాని పక్కన శ్రీరాంనగర్ ఏర్పడింది. రైలు స్టేషను ఉంది, పశువైద్య కళాశాల ఉంది. తీరు పట్టణానిది, పరిపాలన పంచాయతీది. ఇటువంటి పరిశ్రమల ఊళ్లలో సదుపాయాలు వచ్చే క్రమం ఒకటి ఉంటుంది. కర్మాగారం కాలనీకి నీరు, దీపం యాజమాన్యం బాధ్యతగా వస్తాయి. పాత ఊరికి పెద్దల పలుకుబడి వల్ల వస్తాయి. ఊరి చివరి పేటకు ఏదో ఒక పథకం పేరు మీద, అదీ నిధులు మిగిలితే వస్తాయి. గని నుంచి ఖనిజం తవ్వి తీసిన చేతులు ఎక్కువగా ఆ పేటలవే అన్న సంగతి ఈ క్రమాన్ని ఏమీ మార్చలేదు.

రోడ్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తున్నదో చూస్తే ఈ అన్యాయం ఇంకా స్పష్టమవుతుంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపారు. అక్టోబరులో ‘పల్లె పండుగ’ పేరిట సిమెంటు రోడ్లకు శంకుస్థాపనలు చేశారు. ఆ రోడ్లలో అధిక భాగం ఉపాధి హామీ నిధులతో వేసినవే. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ప్రకారం ఖర్చులో కనీసం 60 శాతం కూలీల వేతనాలకు పోవాలి. సిమెంటు, ఇసుక, కంకర వంటి సామగ్రికి 40 శాతం మించరాదు. అంటే వేతనదారులకు 60 లక్షల రూపాయలు చెల్లించిన చోటే 40 లక్షల రూపాయల సామగ్రి పనికి అర్హత పుడుతుంది. చెరువులో మట్టి తవ్వితే, గట్టు వేస్తే, కందకం తీస్తేనే ఆ సిమెంటు పుడుతుంది. మన రాష్ట్రంలో వేతనదారుల్లో సగానికి పైగా మహిళలు. ఉత్తరాంధ్రలో వారు దళిత, ఆదివాసీ, భూమి లేని వెనుకబడిన కులాల మహిళలు. ఎండలో గునపం పట్టిన వారి పనిదినాల మీద లభించిన సిమెంటు ఏ వీధికి చేరిందో చెప్పాల్సిన బాధ్యత నివేదిక రాసే వారికి లేదా? శంకుస్థాపన ఫలకం మీద ప్రజాప్రతినిధుల పేర్లుంటాయి. ఆ నిధిని సంపాదించిన వారి పేట పేరైనా ఉండదు.

రోడ్డు ఒక్కటే కాదు, దాని ఎత్తు కూడా కులం లెక్కలోకి వస్తుంది. మన ఊళ్లలో దళితవాడలు తరచుగా పల్లంలో, చెరువు దిగువన, శ్మశానం దారిలో ఉంటాయి. వాలును అనుసరించి నీరు పారుతుంది కాబట్టి ఎగువ వీధుల్లో కట్టిన మురుగు కాలువ సహజంగానే పల్లానికి చేరుతుంది. నిధులు ఎగువ వీధుల్లోనే అయిపోతే కాలువ వాడ మొదట్లో ఆగుతుంది, ఆపైన ఊరి మురుగంతా వాడలో నిలుస్తుంది. పాత రోడ్డు మీద కొత్త సిమెంటు పోసినప్పుడల్లా రోడ్డు పైకి లేచి, ఇళ్ల గడపలు కిందికి దిగుతాయి. నివేదికలో అది ‘మురుగు కాలువ పూర్తి’ అని నమోదవుతుంది. ఎగువ వారికి అది నిజమే. ఇంజనీరు కులద్వేషి కానవసరం లేదు. వాలును మాత్రమే చూసి, ఆ వాలు చివర ఎవరిని, ఎందుకు కూర్చోబెట్టారో చూడకపోతే చాలు.

కాగితం మీది ప్రగతికీ వీధిలోని అనుభవానికీ మధ్య దూరం కొత్తది కాదు. మన విద్యార్థులు మహాడ్‌ను సత్యాగ్రహంగా చదువుతారు. అది ఒక మునిసిపాలిటీ కథ కూడా. ప్రభుత్వ ఖర్చుతో నడిచే చెరువులు, బావులు అంటరానివారికి తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. దాన్ని అనుసరించి 1924లో మహాడ్ మునిసిపాలిటీ చవదార్ చెరువును అందరికీ తెరుస్తున్నట్లు తీర్మానం చేసింది. ఆనాడు వార్షిక నివేదిక రాసి ఉంటే అందులో ఇది ఘనకార్యంగానే చేరేది. మూడేళ్ల పాటు అంటరానివారెవరూ ఆ నీటిని ముట్టలేకపోయారు. 1927 మార్చి 20న అంబేడ్కర్ నాయకత్వాన వేలమంది వెళ్లి నీళ్లు తాగారు. వారి మీద దాడి జరిగింది. అదే ఏడాది ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. న్యాయస్థానంలో హక్కు తేలడానికి 1937 దాకా పట్టింది. చెరువు మారలేదు, నీరు మారలేదు. నీరు తాగిన మనిషి మారగానే సదుపాయం వివాదమైంది.

మన దగ్గర చట్టం లేకపోలేదు. ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళికలకు 2013లో ఉమ్మడి రాష్ట్రం చట్టబద్ధత కల్పించింది. పదేళ్ల గడువు తీరే వేళ 2023లో మరో పదేళ్లకు పొడిగించారు. జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలన్నది దాని ఆత్మ. అయితే విభజించ వీలుకాని మౌలిక సదుపాయాల పనుల్లో కొంత వాటాను ఎస్సీ, ఎస్టీలకు ఖర్చయినట్లుగా పరిగణించవచ్చన్న వెసులుబాటు కూడా అందులోనే ఉంది. ఊరి మీదుగా పోయే పెద్ద రోడ్డు మీద దళితుడూ నడుస్తాడు కదా అన్నది తర్కం. నడుస్తాడు, కాదనలేం. ఆ నడకను ఖర్చు పద్దులో రాసుకొని అతని వీధిని మట్టిలో వదిలేయడమే చిక్కు. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లాలో ఎస్సీలు పది శాతం పైచిలుకు మాత్రమే, ఉమ్మడి రాష్ట్ర సగటు 16 శాతం దాటింది. సంఖ్య తక్కువ, పేటలు చిన్నవి, ఓట్లు చెదిరి ఉన్నాయి.

ఇక్కడ మరొక మాట దాటవేయకూడదు. ఉత్తరాంధ్రలో గ్రామాధిపత్యం అగ్రవర్ణాలది మాత్రమే కాదు. తూర్పు కాపు, కొప్పుల వెలమ, కాళింగ వంటి వెనుకబడిన కులాలు సంఖ్యలోనూ రాజకీయంలోనూ ముందున్నాయి. రాజధాని వైపు చూసినప్పుడు ఈ కులాలు వివక్షకు గురైనవే, ఈ ప్రాంతం వెనుకబడినదే. ఊరి చివరి పేట వైపు తిరిగినప్పుడు అవే కులాలు యజమానులవుతాయి. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితులను చంపిన ఘటన ఈ రెండో ముఖాన్ని చూపింది. మడ్డువలస ప్రాజెక్టు కోసం ప్రభుత్వం సేకరించి, నీట మునగకుండా మిగిలిన భూమిని ఎవరు సాగు చేసుకోవాలన్నది అక్కడి తగవు. ప్రాజెక్టు ప్రగతి నివేదికల్లో ఆయకట్టు ఎకరాలు ఉంటాయి, ఆ తగవుకు చోటుండదు.

వాడ తరఫున అడిగేవారు ఉండాలనే రాజ్యాంగం 243డి, 243టి అధికరణాల ద్వారా పంచాయతీల్లో, మునిసిపాలిటీల్లో ఎస్సీ, ఎస్టీలకు స్థానాలు కేటాయించింది. శ్రీకాకుళం పట్టణంలో 2010లో పాలకవర్గం గడువు తీరాక పదేళ్లకు పైగా ప్రత్యేకాధికారుల పాలనే సాగింది. 2021లో విజయనగరం నగరపాలక సంస్థకు ఎన్నికలు జరిగినప్పుడు కూడా శ్రీకాకుళానికి ఆ అవకాశం రాలేదు. ఎన్నికే లేని చోట రిజర్వు వార్డు ఉన్నా లేనట్టే. అలాంటి చోట నివేదిక రాసేదీ అధికారే, చదివేదీ అధికారే.

ఇక పారిశుద్ధ్యం. ఏ నివేదికలోనైనా ఎన్ని టన్నుల చెత్త ఎత్తారో ఉంటుంది, ఎత్తిన వారి గురించి ‘వేతనాల ఖర్చు’ అన్న ఒక్క పద్దు ఉంటుంది. ఉత్తరాంధ్ర పట్టణాల్లో ఈ పని తరతరాలుగా రెల్లి కులస్తుల మీద పడింది. పంచాయతీల్లో వీరికి గ్రీన్ అంబాసిడర్లు, క్లాప్ మిత్రలు అని పేర్లు పెట్టారు. పేరు మారినంత తొందరగా నెల జీతం అందలేదు. 2023 డిసెంబరు 26 నుంచి రాష్ట్రంలోని మునిసిపల్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగినప్పుడు పట్టణాల ‘ప్రగతి’ కొద్ది రోజుల్లోనే వీధుల్లో కుప్పలుగా పేరుకుంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణను సమర్థించిన తర్వాత, 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు రెల్లి ఉపకులాలను మొదటి గ్రూపుగా చేర్చి ఒక శాతం కేటాయించింది. ఉద్యోగానికీ చదువుకూ ఉపకులాల వారీగా లెక్క తీయగలిగిన ప్రభుత్వం రోడ్డుకూ కుళాయికీ వాడల వారీగా లెక్క తీయలేనంటే నమ్మలేం.

ఇది అసాధ్యమేమీ కాదు. ఉపాధి హామీ పనుల్లో ఎవరికి ఎన్ని రోజుల పని, ఎంత కూలి దక్కిందో గోడల మీద రాసి, సామాజిక తనిఖీలో గ్రామసభ ముందు చదివి దేశానికి దారి చూపింది మన రాష్ట్రమే. కూలి మస్టరును పేరు పేరునా చదవగలిగినప్పుడు, సామగ్రి నిధితో వేసిన రోడ్డును వీధి వీధినా చదవవచ్చు. పని పేరు పక్కన వాడ పేరు, ఆ వాడలోని ఇళ్ల సంఖ్య, సామాజిక వర్గం, తలసరి ఖర్చు, కాలువ ఎక్కడ కలుస్తుందన్న వివరం, పారిశుద్ధ్య కార్మికులకు జీతం అందిన తేదీ చేర్చితే చాలు. విశ్వవిద్యాలయాల్లో సామాజిక శాస్త్రాలు చదివే విద్యార్థులు సమాచార హక్కు దరఖాస్తుతో పనుల జాబితా తీసుకొని, కొలత టేపు పట్టుకొని గరివిడి వంటి పది ఊళ్లు తిరిగినా ఒక మంచి సిద్ధాంత గ్రంథానికి సరిపడా సామగ్రి దొరుకుతుంది. ఏప్రిల్ 14న గ్రామసభలు జరిపే ఆనవాయితీ మన రాష్ట్రంలో ఉంది. అంబేడ్కర్ పటానికి పూలదండ వేశాక చదివే నివేదికలో మొదటి పేజీ ఊరి చివరి వీధితో మొదలవ్వాలని ఆ సభలోనే ఎవరైనా లేచి అడగవచ్చు.